పంతొమ్మిది డిగ్రీల కాలనీ

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పండి," అంది ఇన్‌స్పెక్టర్.

"ఇప్పటికి మూడుసార్లు చెప్పాను మేడమ్."

"నాలుగోసారి చెబితే నోరేం అరిగిపోదు. చెప్పండి."

జ్వరాల అంచనా కేంద్రం డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. మారాం చేసే పిల్లకి అన్నం తినిపించేవాడంత ఓపిగ్గా మొదలుపెట్టాడు.

"నిన్న సాయంత్రం ఏడింటికి కంప్యూటర్ గదికి నా చేత్తోనే తాళం వేశాను. తాళంచెవి నా జేబులోనే ఉంది. పొద్దున మీ పోలీసులొచ్చి తీయించేదాకా ఆ గదిలోకి చీమ కూడా దూరలేదు. లెక్కల మాస్టారు, కాస్త గాలి పీల్చుకుని ఇంటికి వెళ్తాను సార్ అని మేడ మీదికి వెళ్ళాడు. నేనిక్కడే కూర్చుని ఫైళ్ళు చూసుకుంటున్నాను. తొమ్మిదిన్నరకి వాచ్‌మన్ అరుపులు వినబడ్డాయి. వెళ్ళి చూస్తే వెనక పెరట్లో పడి ఉన్నాడు. అంతే."

"మధ్యలో మీరు ఈ కుర్చీలోంచి లేవలేదు?"

"లేవలేదు."

"మంచినీళ్ళకైనా?"

"సీసా బల్ల మీదే ఉంటుంది." జాలిగా నవ్వాడు. "మీ మనసు మనసులో లేదు మేడమ్. పాపకెలా ఉంది?"

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఆరేళ్ళ కూతురు మిల్లు కాలనీ ఆస్పత్రిలో ఉంది. దోమకాటు జ్వరం. ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఎక్కిద్దామంటే ఆ ఆస్పత్రిలో ఒక్క ప్యాకెట్టు లేదు. ఊళ్ళో మిగిలిన సరుకంతా, ప్యాకెట్లూ సెలైనూ డాక్టర్లూ, మూడు లారీల్లో ఈ కేంద్రం గేటు ముందే ఉంది. కంప్యూటర్ మ్యాప్‌లో ఏ పేట ఎర్రగా కనబడితే ఆ పేటకి లారీ వెళ్తుంది. నాలుగింటికి బయల్దేరతాయి. మిల్లు కాలనీ మాత్రం మ్యాప్‌లో పచ్చగా చిలకలా మెరుస్తోంది. పచ్చ అంటే క్షేమం.

ఎండా వానా దోమలూ కలిపి లెక్కగట్టి, జ్వరం ఎటు పాకుతుందో ముందే చెప్పే ఆ మోడల్‌ని తయారుచేసిన మనిషే నిన్న చనిపోయాడు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడట. అందుకే అందరికీ లెక్కల మాస్టారు.

"పాప సంగతి నేను చూసుకుంటాను. కంప్యూటర్ గది తెరవండి," అంది లేస్తూ.

"దేనికి?"

అడిగింది డైరెక్టరు కాదు. గుమ్మంలో స్పెషల్ స్క్వాడ్ ఆఫీసరు నిలబడి ఉన్నాడు. ఎంత ఎండలోనైనా చొక్కా మడత నలగదు ఆయనకి. డిపార్ట్‌మెంట్‌లో చాటుగా అందరూ ఆయన్ని ఇస్త్రీ అనే పిలుస్తారు.

"మేడ మీద పిట్టగోడ దగ్గర చెప్పులున్నాయి. ఫోన్లో 'తప్పు నాదే, క్షమించండి' అని భార్యకి మెసేజి ఉంది. తన మోడల్ క్షేమం అన్నచోట పిల్లలు పోతున్నారని సిగ్గుపడి దూకాడు. పొద్దున్నే రిపోర్టు రాసి పైకి పంపేశాను. ఇంకా ఏం తవ్వుతావమ్మా?"

"అమ్మా గిమ్మా వద్దు. ఇన్‌స్పెక్టర్ అంటే చాలు."

"అలాగే ఇన్‌స్పెక్టర్ గారూ! ఆ భార్య వెళ్ళి కమిషనర్ ముందు ఏడ్చిందని నీకు సాయంత్రం దాకా గడువిచ్చారు. అంతే, కేసు నీదైపోలేదు. నీకెందుకింత తపనో నాకు తెలీదనుకోకు. మోడల్ తప్పని తేలితే లారీలు మీ కాలనీకి తిరుగుతాయి. నువ్వు తిప్పుదామనుకుంటున్నది కేసుని కాదు, లారీ స్టీరింగుని."

అందులో సగం నిజమే మరి. ఆ సగం ఆమెని పొద్దుట్నుంచీ పీక్కు తింటూనే ఉంది.

"తాళం తీయండి," అంది మళ్ళీ.

కంప్యూటర్ గది నాలుగో అంతస్తులో చివరిది. గుమ్మం దగ్గర మాస్టారి కింద పనిచేసే జూనియర్ అమ్మాయి ఎదురుచూస్తోంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. అయినా అలవాటు పోలేదు పాపం. ఇన్‌స్పెక్టర్ గడపలో కాలు పెట్టబోతుంటే చటుక్కున అడ్డం వచ్చింది.

"బూట్లు మేడమ్. దుమ్ము లోపలికి రాకూడదు."

"ఎవరైనా విప్పాల్సిందేనా?"

"డైరెక్టరు గారైనా సరే. మాస్టారికైతే మరీ పట్టింపు. ఒకసారి మంత్రిగారొస్తే, మీ పదవి మెషీన్‌కి తెలీదండీ, విప్పండి అన్నారు."

ఇన్‌స్పెక్టర్ ఒంగి బూట్ల తాళ్ళు విప్పుతూనే ఇస్త్రీ వైపు తలెత్తింది. "విన్నారా? మాస్టారు చెప్పులు విప్పే చోటు ఇది. పిట్టగోడ కాదు."

"మనిషన్నాక రెండు చోట్ల విప్పకూడదా?" అన్నాడు ఇస్త్రీ. కానీ తన బూట్లు మాత్రం బుద్ధిగా విప్పాడు.

లోపల చలి ఒక్కసారిగా మీద పడింది. చెమటకి తడిసిన యూనిఫాం వీపుకి మంచులా అంటుకుంది. మెషీన్లు తేనెపట్టులా రొద పెడుతున్నాయి. ఆమె గోడ పట్టుకుని నడుచుకుంటూ కిటికీల దగ్గరికి వెళ్ళింది. మూడు కిటికీలు. చలి బయటికి పోకుండా మూడింటి అంచులకీ టేపు అతికించి ఉంది. రెండింటి టేపు పాతబడి పసుపుపచ్చగా మారి పెచ్చులూడుతోంది. మూడోదాని టేపు తెల్లగా నిగనిగలాడుతోంది. ఆ కిటికీ అద్దంలోంచి కిందికి చూసింది. సరిగ్గా కింద పెరడు. మాస్టారు పడ్డచోట సుద్దముక్కతో గీసిన గీత ఇంకా చెదరలేదు.

"ఈ టేపు ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదే!" అంది జూనియర్, తనూ అప్పుడే చూసినట్టు.

"నేనే వేయించాను, పోయిన వారం," అన్నాడు డైరెక్టరు వెనకనించి.

"ఎవరిచేత?"

"అలాంటివన్నీ ఎక్కడ గుర్తుంటాయి మేడమ్?"

"మంచినీళ్ళ సీసా దాకా గుర్తుంది మీకు."

"టేపు ముక్కతో మనిషికి ఉరి వేస్తావా?" అన్నాడు ఇస్త్రీ. ఇంతలో ఆమె జేబులో ఫోను మోగింది.

అక్క. ఫోను చెవి దగ్గర పెట్టుకోకముందే ఏడుపు వినబడింది.

"ఎక్కడున్నావే? చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. డాక్టరమ్మ ముఖం చూస్తే నాకు భయంగా ఉంది."

"ఒళ్ళెలా ఉంది అక్కా?"

"పెనంలా కాలిపోతోంది. నిన్నటినుంచీ కరెంటు లేదు. ఈ ఉక్కకి మనకే ప్రాణం పోతుంటే అదెలా ఓర్చుకుంటుంది? రాత్రంతా తడిగుడ్డ వేసి విసురుతూనే ఉన్నాను. గుడ్డ ఇలా వేస్తే అలా ఆరిపోతోంది. అమ్మేదీ అమ్మేదీ అంటోందే. ఏం చెప్పమంటావు?"

"వచ్చేస్తోందని చెప్పు."

"పొద్దున్నా అదే చెప్పాను."

ఆమె ఫోను పెట్టేసింది. అక్క చేతిలో విసనకర్ర ఒకవైపు, ఇక్కడ పళ్ళు టకటకలాడించే ఈ చలి ఒకవైపు. గోడ మీద పెద్ద తెరలో పచ్చగా వెలుగుతున్న తన కాలనీ వైపు చూసింది.

"అమ్మాయ్! మా కాలనీ గురించి ఈ మెషీన్‌కి ఏం తెలుసో చూపించు."

జూనియర్ నాలుగు మీటలు నొక్కింది. "దోమలు బోలెడున్నాయి. బోనుల్లో పడినవి లెక్కపెట్టి పంపిస్తారు. వాన నీళ్ళు కూడా బాగా నిలిచాయి..."

"మరి పచ్చ ఎందుకు? అక్కడ ఆస్పత్రి నిండిపోయింది."

"రోగుల లెక్క మా దాకా వచ్చేసరికి వారం దాటిపోతుంది మేడమ్. మోడల్ దాని కోసం ఆగదు. ముఖ్యమైంది వేడి. రోగిని కుట్టిన దోమ వెంటనే జ్వరం అంటించలేదు. దోమ కడుపులో ఆ జ్వరం పురుగు పండాలి. పాలు తోడు వేస్తాం చూడండి, ఎండాకాలం ఇట్టే తోడుకుంటాయి, చలికాలం ఎంతకీ తోడుకోవు, అలాగన్నమాట. చల్లగా ఉంటే పురుగు పండేలోపే దోమ చచ్చిపోతుంది. అందుకే మీ కాలనీకి ఏం కాదని..." చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"వేడి ఎంతుంది మా కాలనీలో?"

"పంతొమ్మిది."

"రాత్రా?"

"రాత్రి, పగలు... ఎప్పుడూ."

ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. ఏడుపు కన్నా అధ్వాన్నంగా ఉంది ఆ నవ్వు. "మిట్టమధ్యాహ్నం మా కాలనీలో పంతొమ్మిది డిగ్రీలా? రేకుల కింద పిల్లలు చేపల్లా వేగిపోతున్నారే!"

తలెత్తింది. ఏసీ మీద ఎర్రటి అంకెలు కనబడ్డాయి. 19.

ఆ ఏసీ కింద బల్ల మీద, పావురాల గూడులా చిల్లులున్న తెల్లటి పెట్టె ఒకటి ఉంది. దాని ఒంటికన్ను దీపం ఆరుతూ వెలుగుతోంది. పక్కకి తిప్పి చూసింది. 'మిల్లు కాలనీ' అని చీటీ అంటించి ఉంది.

"ఇది మా కాలనీలో స్తంభానికి ఉండి వేడి కొలవాల్సిన పెట్టె కదూ?"

జూనియర్ తలదించుకుంది. "పాడైతే బాగుచెయ్యడానికి తెచ్చాం మేడమ్. బాగుచేశాక కొన్నాళ్ళు ఇక్కడే పెట్టి, సరిగ్గా చూపిస్తోందా లేదా పరీక్షించి పంపడం మా పద్ధతి. అన్నాళ్ళూ మ్యాప్‌లో దాని నంబరు ఆపెయ్యాలి. ఆపితే కాలనీ ఉన్నచోట బూడిదరంగు ఖాళీ కనబడుతుంది. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. పైనించి తనిఖీ ఉంది, మ్యాప్‌లో చిల్లి కనబడితే వాళ్ళు చిల్లి గురించే అడుగుతారు, అలాగే వదిలెయ్ అన్నారు. మాస్టారు సెలవులో ఉన్నారు. నేను... నేను వదిలేశాను."

"మాస్టారు ఎప్పుడొచ్చారు?"

"నిన్ననే. సాయంత్రం ఈ పెట్టె చూసి ఒక్కసారి అరిచారు. నన్ను ఇంటికి పంపేసి, నేను డైరెక్టరుతో మాట్లాడాలి అన్నారు."

డైరెక్టరు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ గడియారం చూసుకున్నాడు. మూడున్నర.

అప్పుడు ఆమె బుర్రలో ఏదో తళుక్కుమంది. రోజంతా కూతురు తప్ప మరో ఆలోచన లేని బుర్ర అది.

"నిన్న సాయంత్రం మా కాలనీలో వేడి ఎలా ఉందో చూపించు," అంది మెల్లిగా.

తెర మీద గీత వచ్చింది. లాగి కట్టిన దారంలా తిన్నగా సాగింది. రాత్రి ఎనిమిది దగ్గర ఒక్క ఉదుటున నిట్టనిలువుగా ఇరవై తొమ్మిదికి ఎగబాకింది. అక్కడే అరగంట పైన నిలిచింది. తర్వాత నెమ్మదిగా దిగి, తొమ్మిది దాటాక మళ్ళీ పంతొమ్మిది.

"చీమ కూడా దూరని గదికి జ్వరం ఎలా వచ్చింది డైరెక్టరు గారూ?"

"కరెంటు పోయుంటుంది."

"కరెంటు పోతే మెషీన్ ఆగాలి, గీత తెగాలి. తెగలేదు. ఏసీ ఒక్కటే ఆపితే మెల్లమెల్లగా ఎక్కాలి. ఇది బాణంలా ఎగిరింది. బయటి ఉక్క ఒక్కసారిగా లోపలికి వచ్చింది. ఆ కిటికీ ఎవరో బార్లా తెరిచారు." కొత్త టేపు మీద వేలు పెట్టింది. "మాస్టారు పిట్టగోడ మీంచి పడలేదు. ఇక్కణ్ణించి పడ్డాడు. తోసిన చేతులే గుమ్మం దగ్గరున్న చెప్పుల్ని మేడ మీదికి మోశాయి, ఫోన్లో క్షమాపణ కొట్టాయి, టేపు అతికించాయి. తాళంచెవి ఒక్కరి జేబులోనే ఉంది. నోటితో అబద్ధం చెప్పొచ్చు సార్. ఈ పెట్టెకి నోరు లేదు, చూసింది చూసినట్టు రాసేసింది."

డైరెక్టరు ముఖంలో రంగు పోయింది. ఒక్క క్షణమే. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బూట్లు లేని కాళ్ళు కాలు మీద కాలు వేసుకున్నాడు.

"బాగుంది మేడమ్. నన్ను అరెస్టు చెయ్యండి. కానీ లారీలు ఎటు వెళ్తాయి?"

"మా కాలనీకి. ఇప్పుడే మోడల్ సరిచేయిస్తాను."

"ఎలాగో అమ్మాయిని అడగండి."

జూనియర్ తెర వైపు తిరిగింది. "పక్క పేట పెట్టె అంకెలు మీ కాలనీకి వేసి మళ్ళీ నడిపితే పది నిమిషాల్లో వచ్చేస్తుంది మేడమ్. కానీ... ఒక చోటికి, ఒక గంటకి, ఒకటే అంకె ఉంటుంది. కొత్తది వేస్తే పాతది పోతుంది. మెషీన్ దాచుకోదు."

"అంటే ఈ గీత?"

"చెరిగిపోతుంది."

"ముందు కాపీ తీసి పెట్టు!"

"ఈ గదిలో పెన్‌డ్రైవ్‌లు పనిచెయ్యవు మేడమ్. బయటికి పంపాలన్నా సార్ వేలిముద్ర కావాలి."

"మ్యాప్ బయటికి పంపాలన్నా నా వేలిముద్రే కావాలి," అన్నాడు డైరెక్టరు. "సరిచేసిన మ్యాప్‌కి సంతోషంగా వేస్తాను. పిల్లల ప్రాణాలు కదా!"

ఆమె ఫోను తీసి తెరని నాలుగు ఫోటోలు తీసింది. వెనకనించి ఇస్త్రీ నిట్టూర్పు వినబడింది.

"గీత ఎవరైనా గీస్తారు. కూతురు ఆస్పత్రిలో ఉన్న తల్లి ఇంకా బాగా గీస్తుంది అంటాడు లాయరు. తప్పు చేసిన ఈ పిల్ల సాక్ష్యం ఎవడు నమ్ముతాడు? ఇది సాక్ష్యం అని నువ్వు నమ్మితే మెషీన్ ముట్టుకోకూడదు. సీల్ వేసి ల్యాబ్‌కి పంపాలి. అదే పద్ధతి. వేస్తానంటే నేనే లక్క తెప్పిస్తా."

"ల్యాబ్ నుంచి ఎప్పుడొస్తుంది?"

"వారమో, పది రోజులో."

ఆమెకి కూతురి చిగుళ్ళు కళ్ళ ముందు కదిలాయి. దాని పక్కన, అదే మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకున్న పొరుగింటి కుర్రాడు. వరండాలో చాపల మీద వరసగా ఉన్నవాళ్ళు. ఒక్క తన కూతురే అయితే ఏం చేసేదో ఆమెకి తెలీదు. వాళ్ళందరూ ఉన్నారన్న మాట పట్టుకుని నిలబడింది.

ఇస్త్రీకి ఎదురుగా వెళ్ళింది. ఎప్పుడూ ఆయన్ని బతిమాలలేదు. మొదటిసారి గొంతు తగ్గింది.

"అన్నా! మీరూ చూశారు. ఆ గీత లేవడం, దిగడం మీ కళ్ళతో చూశారు. నన్ను ఎవరూ నమ్మరు, నిజమే. మీరు చెబితే నమ్ముతారు. రేపు ఆ ఒక్క మాట చెబుతానని ఇప్పుడు చెప్పండి. చాలు, చెరిపించేస్తాను."

ఇస్త్రీ తెర వైపు చూశాడు. పొద్దున తను పంపిన రిపోర్టు ఆయన కళ్ళలో కనబడుతూనే ఉంది. చొక్కా చేతి మడత వేళ్ళతో సరిచేసుకున్నాడు. తల ఊపాడు. ఊపినట్టే ఉంది.

"వెయ్యి అమ్మాయ్," అంది ఆమె.

జూనియర్ మీటలు నొక్కింది. గీత కొసనించి అరిగిపోతూ వచ్చింది. రాత్రి ఎనిమిది దగ్గర లేచిన గుట్ట ఒక్క రెప్పపాటు నిలిచి, మాయమైంది. దాని చోట మామూలు రోజుల వేడి, మామూలు రాత్రుల ఉక్క వచ్చి కూర్చున్నాయి. మెషీన్ల రొద పెరిగింది.

కాలనీ పచ్చ కాస్తా పసుపుకి తిరిగింది. పసుపు నారింజ అయింది. చివరికి తెర మీద అంతకన్నా ఎర్రటి చోటు మరొకటి లేదు.

డైరెక్టరు లేచి వచ్చి వేలిముద్రల అద్దం మీద బొటనవేలు ఆనించాడు. బయట గేటు దగ్గర ఎవరో పేట పేరు గట్టిగా అరిచారు. లారీ ఇంజను మోగింది. ఆ చప్పుడు వినగానే ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఇస్త్రీ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఎక్కడికి? కమిషనర్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం. మీరు చూసింది..."

"నేనేం చూశాను?" అన్నాడు ఇస్త్రీ తలెత్తకుండా.

"అన్నా!"

"తెర మీద ఒక మ్యాప్ చూశాను. నువ్వు పట్టుబట్టి మార్పించడం చూశాను. నా రిపోర్టు నేను చించుకోలేనమ్మా. పెన్షనుకి ఇంకా రెండేళ్ళుంది." తాళ్ళు ముడి వేసుకుని లేచాడు. "పాపకి లారీ దొరికింది కదా. దాంతో సరిపెట్టుకో."

ఆమె రెండడుగులు ఆయన వైపు వేసింది. చొక్కా పట్టుకుని ఆ మడతలన్నీ నలిపెయ్యాలనిపించింది. అప్పుడు గమనించింది, గుమ్మం దగ్గర ఇంకో జత బూట్లు లేవు. గదిలో డైరెక్టరు లేడు.

"ఆయనేడీ?"

"వేలిముద్ర వేసి వెంటనే దిగి వెళ్ళిపోయారు మేడమ్," అంది జూనియర్. ఆమె మెట్లు దిగి గేటు దాకా పరిగెత్తేసరికి లారీ ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఫోను మోగింది. అక్క గొంతులో ఇన్నాళ్ళకి ప్రాణం వచ్చింది.

"లారీ వస్తోందటే! ఆస్పత్రంతా ఒకటే సంబరం! ఏం చేశావో ఏమోగానీ నీ కడుపు చల్లగా! ఎవరో పెద్దాఫీసరట, డ్రైవరు పక్కన కూర్చుని తనే స్వయంగా వస్తున్నాడట. దారిలోంచే ఫోను చేశాడు. ఇన్‌స్పెక్టర్ గారి పాప ఏ వార్డు, ఏ మంచం, ముందు ఆ పాపకే నా చేత్తో ఇప్పిస్తాను అన్నాడట. నర్సు మంచం నంబరు చెప్పింది. ఎంత మంచివాడే!"

పాపని ఎత్తుకుని ఇప్పుడే అక్కణ్ణించి పారిపో అక్కా, అనడానికి ఆమె నోరు తెరిచింది. మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

పాప బతకడానికి కావలసిన రక్తం ఆ లారీలోనే ఉంది.